కళ్ళు మూసుకుంటే వంద ఆలోచనలు వస్తున్నాయి, ధ్యానం ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు. కళ్ళు మూసుకోగానే ఆఫీసు, ఈఎమ్ఐ, నిన్నటి గొడవ అన్నీ వరసకడుతున్నాయి, ఐదు నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నాను, ధ్యానం నావల్ల కాదా అని ఒకటి. ఏకంగా పది రోజులు అక్కడే ఉండి నేర్చుకునే విపశ్యన ధ్యానం కోర్సుకి వెళ్ళిపోతే దారిలో పడతానా అని రెండోది. మొదటిదానికి జవాబు, మీవల్ల అవుతుంది. రెండోదానికి, వెళ్ళండి కానీ ఇప్పుడే కాదు.

నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని. మోక్షం కోసమేమీ కాదు, రాత్రిళ్ళు నిద్ర పట్టక మొదలుపెట్టాను.

మన దగ్గర ధ్యానం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది "శ్వాస మీద ధ్యాస". పిరమిడ్ ధ్యానం వాళ్ళు, ఆ ఉద్యమం మొదలుపెట్టిన సుభాష్ పత్రీజీ పుణ్యమా అని, ఆ మాటని ఊరూరా తీసుకెళ్ళారు. కాళ్ళు ముడుచుకుని, చేతివేళ్ళు ఒకదాన్లో ఒకటి కలిపి, కళ్ళు మూసుకుని, దానంతటది వచ్చిపోయే శ్వాసని గమనించడం, అది కూడా ఎంత వయసుంటే అన్ని నిమిషాలు. పద్ధతి బాగుంది, గొడవ లేనిది. నా పేచీ అల్లా ఆ నిమిషాల దగ్గరే. జన్మలో ఎప్పుడూ కుదురుగా కూర్చోని నలభై ఐదేళ్ళ మనిషిని మొదటిరోజే నలభై ఐదు నిమిషాలు కూర్చోమంటే మూడో రోజుకి ఆ గదివైపే రాడు. పది నిమిషాలు చాలు, కాకపోతే రోజూ కూర్చోవాలి. ఆదివారం గంటసేపు కూర్చుని మిగతా వారమంతా వదిలేయడం కన్నా ఇదే మేలు.

ఏం చూడాలి అంటారా? ముక్కుపుటాల అంచు, పైపెదవికి పైనున్న ఆ కాస్త చోటు. గాలి లోపలికి వెళ్ళేటప్పుడు కొంచెం చల్లగా, బయటికి వచ్చేటప్పుడు గోరువెచ్చగా తగులుతుంది. మొదట్లో ఏమీ తెలియకపోవచ్చు, అలాంటప్పుడు ఒకటి రెండుసార్లు కాస్త గట్టిగా పీల్చి వదిలి చూడండి, ఎక్కడ తగులుతోందో దొరుకుతుంది. తర్వాత మళ్ళీ మామూలుగా వదిలేయండి. ఒక్కోసారి ఒక ముక్కులోంచే ఎక్కువగా ఆడుతుంది, ఆడనివ్వండి. బిగబట్టడం, లెక్కపెట్టి పీల్చడం ప్రాణాయామం కిందకి వస్తాయి, అది వేరే పని. ఇక్కడ వచ్చినదాన్ని వచ్చినట్టు చూడటమే.

మూడు శ్వాసలు చూస్తారు. నాలుగోదానికి గ్యాస్ బుక్ చేశానా లేదా అని గుర్తొస్తుంది, అక్కణ్ణించి సిలిండర్ రేటు, అక్కణ్ణించి చిన్నప్పుడు మేనత్త వాళ్ళింట్లో కట్టెల పొయ్యి మీద వండిన చేపల పులుసు, ఆ మేనత్త కొడుకు తీసుకుని ఎగ్గొట్టిన అప్పు, అంతదూరం వెళ్ళిపోయాక "అరె" అని తెలుస్తుంది. ఆ "అరె" ఉంది చూశారూ, చేయాల్సిన పని అక్కడే ఉంది. తిట్టుకోకుండా మళ్ళీ ముక్కు దగ్గరకి వచ్చేయండి. పది నిమిషాల్లో ముప్పైసార్లు తప్పిపోయి ముప్పైసార్లూ తిరిగొస్తే ఆ రోజు ధ్యానం బ్రహ్మాండంగా కుదిరినట్టే. మీరేమో ఆ ముప్పైనీ ఫెయిలైన లెక్కలో రాసుకుంటున్నారు.

కూర్చోవడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కానీ కొత్తవాళ్ళు మానేసేది సగం కాళ్ళ వల్లే. కింద కూర్చుంటే దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకోండి, మోకాళ్ళు కిందకి దిగుతాయి, నడుము నిలబడటం తేలికవుతుంది. అయినా తిమ్మిరెక్కుతుంటే డైనింగ్ టేబుల్ కుర్చీ తెచ్చుకోండి, పాదాలు రెండూ నేలకి ఆనాలి, వీపు వెనక్కి వాలకూడదు. పద్మాసనం వేయకపోతే ఎవరూ ఏమీ అనరు. మంచం మీద మాత్రం వద్దు, అన్నం తిన్న వెంటనే అసలే వద్దు, గురక వస్తుంది.

పొద్దున్న పళ్ళు తోముకున్నాక, ఫోన్ చేతిలోకి తీసుకోకముందు కూర్చుంటే నాకు బాగా కుదిరింది. ఇంట్లో నిశ్శబ్దం కోసం చూడకండి. మా ఇంట్లో ఆరింటికే మిక్సీ మోగుతుంది, అది ఆగాక కూర్చుందామంటే కుక్కర్ అందుకుంటుంది. మొదట్లో మా అమ్మ తలుపు తోసుకుని వచ్చి "కూర్చునే నిద్రపోతున్నావేంట్రా" అనేది, ఇప్పుడు చుట్టాలకి ఫోన్‌లో "వాడు ధ్యానంలో ఉన్నాడు" అని కాస్త గొప్పగానే చెబుతోంది.

ఫలితం కూర్చున్నప్పుడు వెతక్కండి, కనిపించదు. నాకు క్లాసులో కనిపించింది. వెనక బెంచీలో కుర్రాడు ఫోన్ చూసుకుంటుంటే నా దవడ బిగుసుకోవడం అరవకముందే తెలిసింది. అయినా అరిచాననుకోండి, కాకపోతే ఆ మంట సాయంత్రం దాకా మోయలేదు. నిద్ర కూడా మెల్లగా దారికొచ్చింది. ఇక రంగులు, వెలుగులు, ఒళ్ళు తేలిపోవడం లాంటివి వస్తే వచ్చాయి, పోతే పోయాయి, పక్కవాళ్ళకి కనిపించాయట నాకు లేదేంటి అని బెంగపడేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఒక్క జాగ్రత్త: కళ్ళు మూసుకుంటే గుండెదడ, భయం పెరిగిపోతుంటే మొండిగా కూర్చోకండి, కళ్ళు తెరిచి కాసేపు నడవండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. ధ్యానం చేస్తున్నాం కదా అని వాడుతున్న మందులు సొంతంగా ఆపేయొద్దు.

ఇక విపశ్యన. బర్మాలో పుట్టి పెరిగిన గోయంకా గారు 1969లో ఇండియాలో నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి అది. మనకి హైదరాబాదులో, నాగార్జునసాగర్‌లో, ఏలూరు దగ్గర విజయరాయిలో కేంద్రాలున్నాయి. ఫీజు లేదు, కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఇచ్చే విరాళాలతోనే నడుస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవడమే, ఫోన్ ముందే తీసేసుకుంటారు, పదో రోజు దాకా ఎవరితోనూ మాట్లాడకూడదు. మొదటి మూడు రోజులూ నేను పైన చెప్పిన ఆ ముక్కు కింద చోటుని చూడటమే, దాని పేరు ఆనాపాన. అసలు విపశ్యన, అంటే ఒంట్లో ఎక్కడెక్కడ ఏం తెలుస్తోందో వరసగా గమనించడం, నాలుగో రోజు మొదలవుతుంది, అప్పటినుంచి రోజుకి మూడుసార్లు, ఒక్కోసారీ గంటసేపు, కాళ్ళూ చేతులూ కదపకుండా కూర్చోమంటారు. ఇంట్లో పది నిమిషాలు కూర్చునే అలవాటు కూడా లేకుండా వెళ్తే ఆ పది రోజులూ మోకాళ్ళతో యుద్ధమే.

అందుకని కొన్ని నెలలు ఇంట్లోనే సాగించి, అరగంట పెద్ద కష్టం కాదు అనిపించినప్పుడు ఆన్‌లైన్‌లో అప్లై చేయండి. ఆరోగ్యం గురించి, మానసిక సమస్యల గురించి ఫారంలో అడుగుతారు, దాచకండి. రాత్రి భోజనం ఉండదని తెలుసుకునే వెళ్ళండి, కొత్తవాళ్ళకి సాయంత్రం ఐదింటికి టీతో పాటు పండో మరమరాలో పెడతారు, అంతే. వదులు బట్టలు, దోమల మందు, టార్చి పెట్టుకోండి. ఫోన్ ఉండదు కాబట్టి ఒక మామూలు అలారం గడియారం కూడా.