అమెరికాలో మందు మానాలంటే ఎక్కడికి పోవాలి?

ఈ సంక్రాంతికి కావలి వచ్చినప్పుడు పక్కింటి అక్క అరిసెలు కట్టిస్తానని వంటింట్లోకి పిలిచింది. "అబ్బయా, మావాడు పొద్దున్నే ఫోన్ చేస్తాడు, అప్పుడు వాడికి రాత్రి గదా. మాట ముద్దముద్దగా వస్తా ఉంది. డాలస్ నిండా మనోళ్లేనంట, ఎవురితోనన్నా బుద్ధి చెప్పించు" అని కళ్లొత్తుకుంది.

మనోళ్లకు తెలుస్తుందనే గదక్కా వాడు తలుపేసుకుని తాగేది, అన్నాను. వాడు పోవాల్సింది 11 ఏళ్ల కిందట నేను పోయిన చోటికి. నేనూ తాగేవాణ్ణని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

అక్కకు చెప్పిందే అమెరికాకు కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెబుతున్నా. ఆ చోటు పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. ఏఏ అంటే అందరికీ తెలుసు. 1935లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో తాగుడుకు బానిసైన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, ఒకరికొకరు తోడుగా ఉండి మానేయడంతో మొదలైంది. ఫీజు లేదు, సభ్యుల రిజిస్టర్ లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

ఫోన్లో మీటింగ్ గైడ్ అనే ఉచిత యాప్ వేసుకోండి. మీ జిప్ కోడ్ కొడితే చుట్టుపక్కల ఏ రోజు ఏ టైముకు ఎక్కడ మీటింగ్ ఉందో వస్తుంది. 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా పోవచ్చు, 'క్లోజ్డ్' అంటే మానాలనుకునే వాళ్లకే. మొదటిసారికి 'బిగినర్స్' అని ఉన్నది చూసుకోండి. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. తెలిసినవాళ్లు కనిపిస్తారని భయమైతే అరగంట దూరంలోది ఎంచుకోండి, నేను ఏడాదిపాటు అట్లాగే పోయాను. పెద్ద ఊళ్లలో ఏఏ వాళ్ల ఫోన్ నంబరు ఉంటుంది. ఎత్తేది కూడా మందు మానినవాళ్లే.

చాలా మీటింగులు చర్చి కింది హాల్లో జరుగుతాయి. అది చూసి మనవాళ్లు వెనక్కి తిరుగుతారు. హాలు అద్దెకు తీసుకుంటారంతే, మతంలోకి ఎవరూ లాగరు. దేవుడి మాట వస్తుంది, కాకపోతే ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకు. నేను పెంచలకోన నరసింహస్వామిని తలుచుకుంటా. అసలు దేవుడి ఊసే వద్దనుకుంటే స్మార్ట్ రికవరీ అని వేరే ఉంది.

మొదటి రోజు నేను కార్లోనే ఇరవై నిమిషాలు కూర్చుండిపోయా. లోపల మడత కుర్చీలు, పెద్ద కాఫీ డబ్బా. తెల్లగడ్డం పెద్దాయన కప్పు చేతికిచ్చాడు. నా చెయ్యి వణికి కాఫీ ఒలికింది. ఆయన టిష్యూ ఇచ్చి, రెండోసారి సగమే పోసి ఇచ్చాడు, ఏమీ అడగలేదు. మాట్లాడే వంతు వస్తే "ఈరోజు వింటానండీ" అంటే చాలు. చందాల బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్లు అందులో ఏమీ వెయ్యనక్కర్లేదు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. మీటింగులకు పోవడం మాత్రం ఆపకండి, మిమ్మల్ని బతిమాలేది అదొక్కటే.

ఒక్క జాగ్రత్త మాత్రం. రోజూ పొద్దున్నే మందు పడందే చేతులు నిలవని వాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన రాసిచ్చే మందులు వాడుతూ తాగుడు ఆపాలి. ఎవరిని చూడాలో తెలియకపోతే 1-800-662-4357కు చేయండి. అది ప్రభుత్వ హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం.

వీసా పోతుందేమోనని అడుగుతారు. మీటింగుకు పోతే పోదు. తాగి బండి నడిపి పట్టుబడితే మాత్రం, కోర్టులో కేసు తేలకముందే వీసా స్టాంపింగ్ రద్దు చేయొచ్చు.

ఇదంతా విని అక్క, "నలుగురు తాగుబోతులు కూర్చోని చెప్పుకుంటే మానతారా?" అంది. ఎందుకు మానరక్కా, మన కలిగిరి పక్కన దూబగుంటలో ఏం జరిగింది? రాత్రిబడికి అక్షరాలు నేర్చుకోను వచ్చిన ఆడోళ్లు ఎవరింటి గోడు వాళ్లు చెప్పుకున్నారు. ఆ ఊరి రోశమ్మ లాంటోళ్లు సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. ఒక్కతే ఇంట్లో ఏడిస్తే వచ్చిందా అది?

అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకూ గోడు చెప్పుకునే చోటొకటి కావాలి. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951 నుంచి ఆల్-అనాన్ ఉంది. మన దేశంలో ఉండి తెలుగులో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. ఆ నంబరు క్యాలెండర్ మీద పెన్నుతో రాసి వచ్చా.

వాళ్లబ్బాయితోనూ మాట్లాడా. మొదట "అట్లాంటిదేం లేదు మామా" అన్నాడు. నా సంగతి చెప్పాక ఊరుకున్నాడు. నేను తిరిగి పోగానే వచ్చే గురువారం రాత్రి ఏడింటి మీటింగుకు వస్తానన్నాడు. ఆరున్నరకే పార్కింగ్‌లో ఉంటా.