ఎర్ర చంద్రుడి గురించి చెప్పాలంటే ముందు పడమటికి చూపించు

శ్రావణికి,

ఆదివారం మీ అపార్ట్‌మెంట్ పిల్లలకు గ్రహణం గురించి చెప్పాలని, 2025 సెప్టెంబర్ 7 నాటి ఎర్ర చంద్రుడి ఫోటోలతో స్లైడ్లు చేస్తున్నానని అన్నావు. స్లైడ్లు పక్కన పెట్టమ్మా. సాయంత్రం అయిదున్నరకల్లా పిల్లల్ని టెర్రస్ మీదికి తీసుకెళ్ళు. ఆ రాత్రి చంద్రుడి మీద పడిన ఎరుపు, రోజూ పొద్దుగూకేటప్పుడు కనిపించే ఎరుపు ఒకటే.

సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వకు, ఎంత కిందికి దిగినా సరే. సూర్యుడికి ఎదురుగా, ఎండ పడుతున్న టవర్ల తెల్లగోడలు చూడమను. ఆ తెలుపు పసుపవుతుంది, తర్వాత నారింజవుతుంది. పది నిమిషాలకోసారి ఫోటో తీయించు. కాకపోతే ఫోన్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయాలి. లేదంటే అది తెలివి చూపించి గోడను మళ్ళీ తెల్లగా చేసేస్తుంది.

కారణం అప్పుడు చెప్పు. గాలిలోని అణువులు నీలం కాంతిని ఎరుపు కంటే అయిదారు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. పగలు అలా నాలుగు దిక్కులా చెదిరిన నీలమే ఆకాశం రంగు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే, దిగంతంలో ఉన్నప్పుడు కాంతి దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. మన దాకా వచ్చేసరికి ఎరుపు, నారింజ మిగులుతాయి. మరి నీలం ఎటు పోయింది అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మనకు పడమటన, మంగళూరు మీద, అరేబియా సముద్రం మీద, ఇంకా పొద్దు వాలని ఆకాశంలోకి పోయిందని చెప్పు. దుమ్ము వల్లే ఎరుపు వస్తుందని మాత్రం చెప్పకు. పుస్తకాల్లో కూడా అలా రాస్తుంటారు కానీ, దుమ్ము లేకపోయినా ఎరుపు వస్తుంది. మన బెంగళూరు పొగ, దుమ్ము ఎక్కువైతే రంగు మసకబారుతుంది. వాన వెలిసిన సాయంత్రం చూడు, ఎంత తేటగా ఉంటుందో.

చీకటి పడ్డాక ఒక గదిలో లైట్లు ఆపి, అడుగు చదునుగా ఉన్న పొడవాటి గాజు గ్లాసు నిండా నీళ్ళు పొయ్యి. నల్ల కాగితానికి చిన్న రంధ్రం చేసి ఫోన్ టార్చ్‌కు అంటించు, దాన్ని గ్లాసు కిందపెట్టి, పైన తెల్ల కాగితం పట్టుకో. ఇప్పుడు స్పూన్‌తో పాలు ఒక్కో చుక్కే వేస్తూ పో. పక్కనుంచి చూస్తే నీళ్ళు లేత నీలంగా, పైన కాగితం మీద వెలుగు పసుపుగా, ఆపైన నారింజగా మారతాయి. చిక్కటి పాలు వద్దు. మీగడలోని కొవ్వు బొట్లు పెద్దవి, అవి అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి. కాచి, చల్లార్చి, మీగడ తీసేసిన పాలైతే మేలు. నీళ్ళు తెల్లగా మారాయంటే పాలు ఎక్కువైనట్టే, పారబోసి మళ్ళీ మొదలుపెట్టు. ఎర్రగా అవుతుందని ముందే ఆశ పెట్టకు, నారింజ దగ్గరే ఆగిపోతుంది.

ఇక చంద్రుడు. గ్లోబు, బంతి, టార్చ్‌తో అందరూ చేసే ప్రయోగంలో బంతి నల్లబడుతుందే గానీ ఎర్రబడదు. అది చేసి చూపించి, "నీడే అయితే ఎరుపెక్కడిది?" అని అడిగి కాసేపు వదిలెయ్. తొందరపడి జవాబు చెప్పొద్దు, వాళ్ళ ఊహలు విను. తర్వాత వాళ్ళను చంద్రుడి మీద నిలబెట్టు. అక్కణ్ణించి చూస్తే భూమి నల్లటి బిళ్ళ, సూర్యుడి కంటే దాదాపు నాలుగింతల వెడల్పు. సూర్యుడు పూర్తిగా దాని వెనక్కి పోయాడు. కానీ బిళ్ళ అంచు చుట్టూ సన్నటి ఎర్రటి గీత వెలుగుతూ ఉంటుంది. భూమి అంచున ఉన్న గాలి సూర్యకాంతిని ఒక డిగ్రీకి పైగా వంచి నీడలోకి పంపిస్తుంది. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపే చేరుతుంది. భూమికి గాలి లేకపోతే గ్రహణ చంద్రుడు కనిపించకుండా పోయేవాడు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలి పై గాలంతా మసకబారింది, అందుకే 1992 డిసెంబర్ గ్రహణంలో చంద్రుడు చాలా నల్లగా కనిపించాడు.

గ్రహణమంటే మీ అత్తగారు పట్టు విడుపు స్నానాలు, పచ్చళ్ళ మీద దర్భలు అంటారు. దాని మీద వాదన పెట్టుకోకు. ఆ రెండు స్నానాల మధ్య టెర్రస్ మీదికి రమ్మను, చంద్రగ్రహణాన్ని మామూలు కళ్ళతో ఎంతసేపైనా చూడొచ్చు.

మనకు బాగా కనిపించే తర్వాతి సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబర్ 31న, రాత్రి పదీ ఇరవై ప్రాంతంలో మధ్యకాలం. ఆ సమయానికి కాంగోలో పొద్దు గూకుతుంటుంది, పసిఫిక్ మధ్యలో తెల్లారుతుంటుంది. ఆ సంజెల కాంతే మీ టెర్రస్ నుంచి కనిపించే ఎరుపు. న్యూ ఇయర్ పార్టీ వాళ్ళు లైట్లతో, డీజేతో టెర్రస్ ఆక్రమించకముందే అసోసియేషన్‌తో మాట్లాడి తాళం చెవి రాయించి పెట్టుకో.

మీ అత్తయ్య