12 అంగుళాల టెక్నో రికార్డులో ఒక్కో వైపు ఒకటి రెండు ట్రాకులే ఎందుకుంటాయి?

బేస్ గట్టిగా, శుభ్రంగా వినిపించాలంటే రికార్డు మీద గాడికి, అంటే సూది నడిచే సన్నని గీతకు, ఎక్కువ చోటు కావాలి, అందుకే టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతాన్ని విడుదల చేసే చిన్న కంపెనీలు (అండర్‌గ్రౌండ్ లేబుళ్లు) ఒక్కో వైపు ఒకటి రెండు ట్రాకులతో ఆపేస్తాయి.

గాడి శబ్దాన్ని బట్టి పక్కలకు ఊగుతూ సాగుతుంది. కిక్ డ్రమ్, బేస్ లాంటి లోతైన శబ్దాలకు ఆ ఊపు చాలా పెద్దది. చుట్లు దగ్గరదగ్గరగా కోస్తే ఒకటి పక్కదానిలోకి చొరబడుతుంది. అలా కాకుండా ఉండాలంటే శబ్దం స్థాయి తగ్గించాలి, క్లబ్బులో వాయించే సంగీతానికి అది పెద్ద నష్టం.

విశాఖలో మీ ఇంట్లో పాత తెలుగు సినిమా ఎల్పీ ఉంటే, డెట్రాయిట్ నుంచో బెర్లిన్ నుంచో తెప్పించుకున్న టెక్నో రికార్డు పక్కన పెట్టి, లైటు కింద వాలుగా పట్టుకుని చూడండి. ఎల్పీలో ఒక వైపే దాదాపు 20 నిమిషాల పాటలు, చుట్లు వెంట్రుకల్లా ఒత్తుగా ఉంటాయి. టెక్నో రికార్డులో అంత చోటూ ఏడెనిమిది నిమిషాల ట్రాకుదే కావచ్చు. కిక్ ఆగిన చోట గాడి మెరుపు మారి ఒక పట్టీలా కనిపిస్తుంది. ఎంత అందమైన ఏర్పాటో! సూది ఎక్కడ దించాలో డీజేలు ఆ పట్టీని చూసే పోల్చుకుంటారు.

తక్కువ పాటలిచ్చి డబ్బు గుంజుతున్నారని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పెద్ద రికార్డంటే నిమిషానికి 33 చుట్లు తిరిగే వేగమే అనుకోవడమూ పొరపాటే. 45 వేగానికి కోసిన, నిమిషానికి 135 బీట్ల ట్రాకును 33లో తిప్పితే 100 బీట్లకు పడిపోతుంది, స్వరమూ దిగిపోతుంది. రికార్డు పాడైందనుకునే ముందు వేగం మార్చి చూడండి.