ట్యూడర్ రాజవంశం ఏలిన కాలంలో ఇంగ్లండ్ యుద్ధనౌకలకు తిండి సరఫరా ఎవరు చూసేవారు?

ఎక్కువ కాలం చూసింది ఎడ్వర్డ్ బేష్. (మన చెవికి మెచ్చుకోలులా వినిపించినా అది ఇంటిపేరే!) 1550లో నౌకాదళ ఆహార సరఫరాల సర్వేయర్ (అంటే పర్యవేక్షకుడు) అయ్యి, ఆరో ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్‌ల హయాంలో 1587 దాకా అదే పనిలో ఉన్నాడు. రాజుతో పాటు మతమూ మారిపోతున్న రోజుల్లో అన్నేళ్లు కుర్చీ కదలకపోవడం మాటలు కాదు. మధ్యలో రోచెస్టర్ నుంచి పార్లమెంటు సభ్యుడూ అయ్యాడు.

అసలు కథ 1565లో ప్రభుత్వంతో ఆయన చేసుకున్న కాంట్రాక్టుది. ఓడ రేవులో ఉంటే ఒక్కో నావికుడి తిండికి ఆయనకు రోజుకు నాలుగున్నర పెన్నీలు, సముద్రంలో ఉంటే 5 పెన్నీలు. ఆ డబ్బుతోనే మనిషికి రోజూ ఒక పౌండు గట్టి బిస్కెట్, ఒక గాలన్ (దాదాపు నాలుగున్నర లీటర్లు) బీరు, మాంసం రోజుల్లో 2 పౌండ్ల ఉప్పు గొడ్డుమాంసం పెట్టాలి. మిగతా రోజుల్లో ఎండుచేప, వెన్న, జున్ను. బీరు గాలన్ చొప్పునా అని నోరెళ్లబెట్టకండి, పీపాల్లో నీళ్లు త్వరగా పాడయ్యేవి.

చిక్కల్లా ధరలతోనే. సరుకులు ఏటికేడు ప్రియమవుతుంటే రేటు మాత్రం అక్కడే ఉండిపోయింది. నాకైతే ఆయన చివరి ఏళ్లు వ్యాపారం కంటే టెన్షనే ఎక్కువనిపిస్తుంది. 1587లో ఆ బాధ్యత జేమ్స్ క్వార్ల్స్‌కు వెళ్లింది. బేష్ కూడా ఆ ఏడాదే చనిపోయాడు. ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన భారీ నౌకాదళం, స్పానిష్ ఆర్మడా, వచ్చింది ఆ మరుసటి ఏడు.