నడుం తిప్పితే మోచేయి నొప్పేమిటి?

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. నడుం బాగా తిప్పి వేస్తే స్పీడ్ వస్తుంది, చేతికి భారం తగ్గుతుందని సీనియర్లు చెప్పారట. అలా వేస్తున్న దగ్గర్నుంచి మోచేయి లోపలి పక్క నొప్పి అంటున్నాడు. నడుం తిప్పొద్దని చెప్పమంటారా?
– ఓ తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నడుం సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు బంతి పక్కన పెట్టించండి. ఈ వయసులో మోచేతి లోపలి అంచున ఎముక ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ప్రతి విసురుకీ ఆ లేత చోటే సాగుతుంది. స్ప్రే కొట్టి మర్నాడు గ్రౌండ్‌కి పంపొద్దు. ఎముకల డాక్టరు సరేనన్నాకే ఆట.

కృష్ణలో విసురువల వేసేవాళ్లను ఎప్పుడైనా చూశారా? కాళ్లు నిలదొక్కుకుంటారు, నడుం తిరుగుతుంది, దాని వెనకే భుజాలు, ఆఖరికి చేతులు. పిచింగూ అంతే. ముందు కాలు నేల తాకేసరికి తుంటి బ్యాటర్ వైపు తిరగడం మొదలవ్వాలి, ఛాతీ మాత్రం ఇంకా పక్కకే ఉండాలి. ఆ మెలి విడిపోతేనే బంతికి ఊపు. కాలు ఇంకా గాల్లో ఉండగానే ఛాతీ తెరిస్తే చెయ్యి వెనకబడుతుంది, ఆ వెనకబడ్డ చేతిని ఈడ్చుకొచ్చే బరువు మోచేతి మీద పడుతుంది.

ఈ తప్పు నేనూ నేర్పాను. కోచింగ్ మొదలుపెట్టిన కొత్తలో బెజవాడలో 'నడుం తిప్పరా' అని గొంతు పోయేలా అరిచేవాణ్ణి. ఓ కుర్రాడు చెప్పిన మాట విని, తుంటీ ఛాతీ కలిపి తలుపు తీసినట్టు ఒక్కసారే తిప్పేసేవాడు. నెల తిరక్కుండా మోచేయి పట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడు తిప్పాలో నేను చెప్పలేదు మరి.

ఇంకోటి, సీనియర్లు చెప్పింది సగమే నిజం. వరస కుదిరితే అంతే స్పీడుకి చేతి శ్రమ తగ్గొచ్చు. కానీ స్పీడు పెరిగేకొద్దీ మోచేతి మీద భారమూ పెరుగుతుంది. 1974లో టామీ జాన్ అనే అమెరికన్ పిచర్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మోచేతి లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) ఆపరేషన్ చేశాడు. ఇప్పటికీ ఆ ఆపరేషన్‌ని టామీ జాన్ పేరుతోనే పిలుస్తారు. చెయ్యి తిరిగిన పిచర్లు కూడా దానికి వెళ్తూనే ఉన్నారు.

నొప్పి పూర్తిగా పోయాక, బ్యాటర్ నిలబడే వైపు నుంచి, బంతి తగలకుండా అడ్డుగా కట్టిన వల వెనక నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. ముందు పాదం నేల తాకిన చోట వీడియో ఆపండి. టీషర్టు మీద అక్షరాలు అప్పటికే పూర్తిగా చదవడానికి వస్తున్నాయంటే తొందరపడి తెరిచేస్తున్నట్టే. ఆ వీడియో వాళ్ల పీఈటీ సారుకి చూపించండి.

బంతుల లెక్క కూడా చూడండి. అమెరికావాళ్ల పిచ్ స్మార్ట్ పద్ధతిలో 13-14 ఏళ్లవాళ్లకు రోజుకి 95 మించకూడదు, 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఆ లెక్క మీరే ఓ నోట్‌బుక్కులో రాసుకోండమ్మా. సారు మర్చిపోతారు, మీవాడేమో తగ్గించి చెబుతాడు.