తల్లి బరువు, బిడ్డకు మూర్ఛ ముప్పు: ఆ శాతాల వెనుక అసలు లెక్క

నాలుగో నెల నడుస్తోందని, గర్భం దాల్చేనాటికి మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే కొలత) 33 అని, తల్లి లావుగా ఉంటే బిడ్డకు మూర్ఛ (ఫిట్స్), సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు, కండరాల పట్టు సరిగా ఉండని సమస్య) వస్తాయని చదివి భయపడుతున్నానని రాశారు. ఇప్పటినుంచి ఒక పూట భోజనం మానేస్తే ఆ ముప్పు తగ్గుతుందా అని అడిగారు. దయచేసి మానకండి. నేను వైద్యురాలిని కాను. కానీ మా పెద్దబాబుకు మూర్ఛ ఉంది, వాడు కడుపులో పడేనాటికి నా బీఎంఐ కూడా 30 దాటే ఉంది, కాబట్టి మీ ప్రశ్న నాకు కొత్త కాదు.

ఈ విషయంలో తరచుగా వినిపించే లెక్కలు స్వీడన్‌లోవి. అక్కడ 1997 నుంచి 2011 వరకు పుట్టిన 14 లక్షలకు పైగా పిల్లల వివరాలను పరిశీలించిన రెండు అధ్యయనాలు 2017లో వెలువడ్డాయి. తల్లి బీఎంఐ 30, 35 మధ్య ఉంటే, సాధారణ బరువున్న తల్లుల పిల్లలకంటే మూర్ఛ ముప్పు సుమారు 20 శాతం, సెరిబ్రల్ పాల్సీ ముప్పు సుమారు 28 శాతం ఎక్కువని వాటిలో తేలింది. బీఎంఐ 40 దాటినవారిలో మూర్ఛ ముప్పు 82 శాతం ఎక్కువగా ఉంది. శాతాలు మాత్రమే చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే ఆ పిల్లలందరిలో మూర్ఛ వచ్చినవారు వెయ్యికి ఐదుగురు, సెరిబ్రల్ పాల్సీ వచ్చినవారు వెయ్యికి ఇద్దరు. ఐదుకు 20 శాతం కలిపితే ఆరవుతుంది. మీ బరువే ఉన్న వెయ్యిమంది తల్లులను తీసుకుంటే, 990 మందికి పైగా పిల్లలకు మూర్ఛ రాదు.

నా బరువు వల్లే వచ్చిందా అని మా బాబును చూసే న్యూరాలజిస్టును సూటిగా అడిగాను. లక్షలమందిని చూసి తేల్చిన ముప్పును పట్టుకుని ఒక బిడ్డకు కారణం ఇదేనని చెప్పలేమని, చాలామంది పిల్లల్లో మూర్ఛకు కారణమే దొరకదని ఆయన ఓపికగా వివరించారు. బంధువులు మాత్రం వాడికి ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ నా ఒంటివైపే చూసేవారు. అలాంటి మాటలు మీ చెవిన పడితే మనసుకు పట్టించుకోకండి.

సెరిబ్రల్ పాల్సీ అధ్యయనంలో నాకు బాగా పనికొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో, ఆ అదనపు ముప్పులో దాదాపు 45 శాతం పుట్టుక సమయంలో బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందకపోవడంతో ముడిపడిన చిక్కుల ద్వారా వస్తోందని అందులో అంచనా వేశారు. అందుకే రెండో కాన్పుకు, పుట్టగానే బిడ్డ ఊపిరి అందుకోకపోతే వెంటనే చూడగల పిల్లల వైద్యులు, నవజాత శిశువుల విభాగం రాత్రిపూట కూడా ఉండే ఆసుపత్రినే ఎంచుకున్నాను. మీరూ ఈ ఒక్క విషయం ఇప్పుడే కనుక్కోండి. షుగర్, బీపీ పరీక్షలను కూడా వాయిదా వేయకండి, ఎందుకంటే బరువు ఎక్కువ ఉన్నవారిలో ఆ రెండూ కాన్పును క్లిష్టం చేస్తాయి.

ఐదో నెల స్కాన్‌లో నా పొట్ట కొవ్వు అడ్డు రావడంతో బిడ్డ వెన్నెముక సరిగా కనిపించలేదు. డాక్టరమ్మ ప్రోబును బొడ్డు కిందికి జరిపి, నన్ను ఎడమవైపు తిరగమని, గట్టిగా అదిమి చూసి, చివరికి కాసేపు నడిచి రమ్మన్నారు. మళ్లీ పడుకునేసరికి బిడ్డ వీపు ఇటు తిరిగింది, ఒక్కొక్క ఎముకా తెరమీద వరుసగా కనిపించింది. మిమ్మల్నీ మళ్లీ రమ్మంటే కంగారు పడకండి, ఆ రెండో స్కాన్‌ను మాత్రం మానకండి.

ఇక భోజనం సంగతి. స్వీడన్‌లో లెక్కలోకి తీసుకున్నది గర్భం తొలినాళ్ల బరువును, కాబట్టి ఇప్పుడు కడుపు మాడ్చుకుంటే ముప్పు తగ్గుతుందని ఆ అధ్యయనాలు చెప్పడం లేదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన సూచనల ప్రకారం బీఎంఐ 30 దాటినవారు సైతం గర్భకాలంలో మొత్తం 5 నుంచి 9 కిలోలు పెరగాలి. ఆ పరిమితిలో ఉండేలా ఏం తినాలో, ఎంత నడవాలో మీ డాక్టరుతో కూర్చుని నిర్ణయించుకోండి. నెలలు నిండే కొద్దీ బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి.