జాంజిబార్‌లో బీచ్ తప్ప ఏముంది అని అడిగినవారికి

మీ ప్రశ్న ఇది: "కొత్తగా పెళ్లైంది. జాంజిబార్‌కు ఐదు రోజులు వెళ్దామనుకుంటున్నాం. బీచ్ తప్ప అక్కడ ఇంకేమైనా ఉందా? బోర్ కొడుతుందా?"

నేను తొమ్మిదేళ్లుగా టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో ఉంటున్నాను. ఇక్కడ ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మా రేవులో స్పీడ్ ఫెర్రీ ఎక్కితే రెండు గంటల్లో జాంజిబార్‌లో దిగుతాం. ఇప్పటికి పదిసార్లకు పైనే వెళ్లి ఉంటాను, ఒక్కసారి కూడా బోర్ కొట్టలేదు. కానీ ఆ ద్వీపం నాకు నిజంగా అర్థమైంది మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడే. అందుకే ముందే చెప్పేస్తున్నా: కుదిరితే మీరిద్దరే వెళ్లకండి. మీ అమ్మానాన్నలనో, అత్తమామలనో కూడా తీసుకెళ్లండి. కొత్త జంటకు ఇదేం సలహా అనుకుంటారేమో. హనీమూన్‌కు గోవా ఉంది, మాల్దీవులు ఉన్నాయి. జాంజిబార్‌లో పెద్దవాళ్లు పక్కనుంటే ఊరు మనతో మాట్లాడే తీరే మారిపోతుంది. నేను కళ్లారా చూశాను.

మాది పిఠాపురం. నాన్న వడ్రంగి పని చేసేవారు. అమ్మకు ఉప్పాడ సముద్రం చిన్నప్పటి నుంచి తెలుసు. ఫిబ్రవరిలో నా దగ్గరకు వచ్చారు. నాకు స్కూల్లో ఊపిరాడని పని ఉండి, రూమ్ బుక్ చేసే పని ఒక ట్రావెల్ ఏజెంటుకు అప్పజెప్పాను. "ఇరవై నాలుగు గంటలూ నీళ్లలో దిగొచ్చు మేడమ్" అని చెప్పి తూర్పు తీరంలో జంబియానీ అనే ఊళ్లో వేశాడు. నేను అంతకుముందు వెళ్లినవన్నీ ఉత్తరాన నుంగ్వీ, కెండ్వా వైపే. అక్కడ ఏ వేళకైనా ఈత కొట్టొచ్చు. తూర్పున పాజే, జంబియానీ, మటెమ్వే వైపు అలా కాదు. ఉప్పాడలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరు, మీటరున్నర. ఇక్కడ అమావాస్యకూ పున్నమికీ నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. పైగా ఒడ్డు నుంచి పగడపు దిబ్బ దాకా అంతా మెరక. పాటు వేళకు సముద్రం కిలోమీటరు దూరం వెళ్లిపోతుంది. ఈ ఒక్క విషయం చెప్పకుండా రూములు అమ్మేవాళ్లంటే నాకు ఇప్పటికీ మంట. ప్యాకేజీ కాగితాల్లో దిండ్ల ఫొటోలు పది ఉంటాయి, ఆటుపోట్ల సంగతి ఒక్క ముక్క ఉండదు.

అమావాస్య మర్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకు గది తలుపు తీసి చూసిన అమ్మ "సముద్రం ఏదే?" అని అడిగింది. నిజంగానే లేదు. కనుచూపు మేర తడి ఇసుక, మధ్యమధ్య మడుగులు, ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా నురగ. ఒరిగిపోయిన పడవలు. ఆ మడుగుల్లో రంగురంగుల బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు వంగి ఏదో పని చేస్తున్నారు. అమ్మకు దూరం నుంచి అది నాట్లు వేస్తున్నట్టే కనిపించింది. "పద, చూసొద్దాం" అని చెప్పుల్లేకుండానే బయల్దేరింది. రబ్బరు బూట్లు వేసుకోమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

వాళ్లు పెంచేది సముద్రపు నాచు. ఇక్కడి భాష స్వాహిలిలో 'మ్వానీ' అంటారు. ఇసుకలో పుల్లలు పాతి, వాటి మధ్య తాళ్లు లాగి, ఆ తాళ్లకు నాచు తుంచి కట్టుకుంటూ పోతారు. ఆరు వారాలకు కోతకొస్తుంది. టూత్‌పేస్టులోనూ ఐస్‌క్రీములోనూ చిక్కదనం కోసం వాడే పదార్థం దీన్నుంచే తీస్తారు. ఈ ఊళ్లలో 1989 ప్రాంతంలో మొదలైన సాగు ఇది. దాదాపు అంతా ఆడవాళ్లదే. ఇంట్లో ఆడదాని చేతికి సొంత డబ్బు రావడం చాలామందికి దీంతోనే మొదలైంది. అది చెబితే అమ్మ "మన డ్వాక్రాలాగా" అంది. అదే మంచి పోలిక. ఇప్పుడు నీళ్లు వేడెక్కి, మంచి ధర పలికే రకం నాచు చచ్చిపోతోంది. చల్లదనం కోసం లోతు నీళ్లలో వేయాలంటే ఈ ఆడవాళ్లలో చాలామందికి ఈత రాదు. బీచ్ తప్ప ఏముంది అంటారు కదా, ఆ బీచే వాళ్ల చేను.

ఒక తాడు దాటబోతూ అమ్మ కేక వేసింది. మడుగులో నల్లగా, గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లున్న ప్రాణి ఉంటుంది. సీ అర్చిన్ అంటారు. సరిగ్గా దాని మీద అడుగేసింది. అరికాలి నిండా నల్లటి ముళ్లు విరిగి లోపల ఉండిపోయాయి. లాగుతుంటే పుటుక్కుమని తెగిపోతున్నాయి. ఒడ్డు చూస్తే ముప్పావు కిలోమీటరు దూరం. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. అమ్మకు షుగర్ కూడా ఉంది.

ఆడవాళ్లు పని వదిలేసి వచ్చేశారు. వచ్చినవాళ్లందరూ అంటున్నది ఒకటే మాట, "పోలే, పోలే సానా మామా." స్వాహిలిలో మామా అంటే అమ్మ. మొదటి రోజు ఫెర్రీలో ఎవరో అలా పిలిస్తే "నన్ను మావయ్యా అంటారేమిటే" అని అదిరిపడిన మనిషి, ఆ నొప్పిలో కూడా "పోలే అంటే ఏంటే?" అని అడిగింది. ఎవరికైనా దెబ్బ తగిలినా, జ్వరమొచ్చినా, బరువు మోస్తూ కనిపించినా, చివరికి తుమ్మినా ఇక్కడివాళ్లు పోలే అంటారు. మన "అయ్యో పాపం"లో కొంచెం జాలి ఉంటుంది, ఇందులో అది లేదు. నీ కష్టం చూశాను అని చెప్పడం, అంతే.

వాళ్లలో అందరికన్నా పెద్దావిడ నీళ్లవైపు చూసి ఏదో గట్టిగా చెప్పింది. పోటు మొదలైంది. నా కళ్లకు ఏమీ తేడా తెలియలేదు. ఇద్దరు అమ్మను చెరో రెక్కా పట్టుకుని నడిపించారు. సగం దారి వచ్చేసరికి చీలమండలు మునిగాయి. ఒడ్డుకు చేరేసరికి మేం నిలబడిన చోట పుల్లల కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ వేళ కోసం పదిహేను రోజులు ఎదురుచూసే వాళ్లు, మా కోసం సగం పని వదులుకున్నారు.

కొబ్బరి ఆకుల పాక కింద చాప వేసి ఆ పెద్దావిడ అమ్మ కాలు తన ఒళ్లో పెట్టుకుంది. ఒక పిల్లాడు పరుగెత్తి పచ్చి బొప్పాయి కాయ కోసుకొచ్చాడు. కత్తితో కాయ మీద గీత పెడితే పాలు కారాయి. ఆ పాలు ఒక్కో నల్లటి చుక్క మీదా పడేలా కాయను తిప్పుతూ, మధ్యలో బొటనవేలితో మెల్లగా రుద్దుతూ గంటసేపు కూర్చుంది. ఆవిడ వేళ్ల చర్మం ఉప్పు నీళ్లకు తెల్లగా ముడతలు పడి ఉంది. గోళ్ల సందుల్లో నాచు. ముళ్లు మెత్తబడి కొన్ని బయటికి వచ్చేశాయి, మిగతావి రెండు రోజుల్లో పోయాయి.

వచ్చేటప్పుడు నేను ఆవిడకు "షికమో" అని నమస్కారం పెట్టాను. "మరహబా" అంది. పెద్దవాళ్లు కనిపిస్తే చిన్నవాళ్లు చెప్పాల్సిన మాట షికమో. అంటే ఏంటని అమ్మ అడిగితే, "మీ పాదాలు పట్టుకుంటున్నాను అని" అని చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నిజంగా పట్టుకుంది ఆవిడ కదే" అంది.

డబ్బు ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. మర్నాడు అమ్మ కుంటుకుంటూనే ఆవకాయ డబ్బా పట్టుకుని వెళ్లింది. మూత తీయగానే ఆ పెద్దావిడ వాసన చూసి "అచారీ!" అని నవ్వింది. మామిడి పచ్చడి వాళ్లకు కొత్త కాదు. తెలుగువాళ్లకు ఇక్కడొక మాట. 2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, పచ్చళ్లు డబ్బాల్లోనే తెచ్చుకోండి. ఇంకో మాట కూడా. సూట్‌కేసు నిండా రెడీమేడ్ ఉప్మా ప్యాకెట్లు తెచ్చుకుని, అవే తిని, "అక్కడ మనకు తిండి దొరకదు" అని వెనక్కి వెళ్లి చెప్పేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను. సంతలో మ్చీచా అని కట్టలు కట్టి అమ్మేది మన తోటకూర. బామియా అంటే బెండకాయ. ఉక్వాజు అంటే చింతపండు, దాని షర్బత్ బండి మీద దొరుకుతుంది. సాయంత్రం స్టోన్ టౌన్‌లోని ఫొరోధానీ తోటలో ఉరోజో అడగండి. పుల్లటి పసుపు రంగు పులుసులో బజ్జీలు, బంగాళాదుంప వేసి ఇస్తారు. మా నాన్న మూడు గిన్నెలు తాగారు.

నాన్నకు నచ్చింది సముద్రం కాదు, స్టోన్ టౌన్. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన పాత ఊరు అది. సందులు ఎంత ఇరుకంటే చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ప్రతి సందులోనూ చెక్కిన తలుపులు. ఒక తలుపు ముందు నాన్న అరగంట నిలబడిపోయారు. మధ్య కమ్మీ మీద తామరపూల చెక్కడాన్ని వేలితో తడుముతూ, ఉలి ఎటు నుంచి ఎటు వెళ్లిందో నాకు చూపించారు. తలుపుల మీద ఇత్తడి మొనలు ఉంటాయి. ఏనుగులు తలుపు గుద్దకుండా మన దేశంలో పెట్టేవారని చెబుతారు. జాంజిబార్‌లో ఏనుగులే లేవు, ఆ అలవాటు మాత్రం సముద్రం దాటి వచ్చింది. ఇక్కడ ముందు తలుపు నిలబెట్టాకే ఇల్లు కట్టేవారని గైడ్ చెప్పగానే నాన్న "మనకీ అంతే కదమ్మా, ద్వారబంధం ఎత్తాకే గోడ లేస్తుంది" అన్నారు. డిసెంబరు నుంచి మార్చి దాకా వీచే ఈశాన్య గాలి మీద గుజరాత్, కచ్ నుంచి తెరచాప ఓడలు వచ్చేవి, కూసీ అనే దక్షిణపు గాలి మొదలయ్యాక తిరిగి వెళ్లేవి. తలుపులూ మాటలూ అలాగే చేరాయి. రంగును రంగి అంటారు, చాకలిని దోబీ, ఇన్సూరెన్సును బీమా, ఆటోను బజాజీ. లక్షను లాకీ అంటారు. జంబియానీ టాక్సీకి "లాకీ మోజా", అంటే లక్ష షిల్లింగులు అడిగితే నాన్నకు అర్థం చెప్పాల్సిన పనే లేకపోయింది.

అదే ఊళ్లో బానిసల సంత ఉండేది. 1873లో మూయించి, ఆ స్థలంలోనే చర్చి కట్టారు. చర్చి బయట గుంటలో మెడకు గొలుసులతో మనుషుల విగ్రహాలు ఉన్నాయి. వాటి పక్కన కూర్చుని వేళ్లు చూపిస్తూ ఫొటోలు దిగుతున్న గుంపును చూసి నాకు ఏడుపొచ్చింది. దయచేసి అలా చేయకండి. ఇసుక తిన్నెల దగ్గర స్టార్‌ఫిష్‌ను నీళ్లలోంచి ఎత్తి ఫొటో తీసుకోవడం, కిజింకాజీలో డాల్ఫిన్ల వెంట పది పడవలు తరమడం కూడా అంతే తప్పు. పడవవాడు "హకునా మటాటా" అంటాడు, ఫర్వాలేదని. ఆ మాట టూరిస్టుల కోసం. ఇళ్లలో "హమ్నా షీదా" అంటారు. ఊళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకుని తిరగండి, అక్కడ దాదాపు అందరూ ముస్లింలు. ఈత దుస్తులతో సంతలోకి వచ్చేవాళ్లను చూసి అక్కడి పెద్దవాళ్లు తల తిప్పుకోవడం నాకు కనిపిస్తుంది.

వెళ్లేరోజు ఆ పెద్దావిడ అమ్మకు ఒక కాంగా ఇచ్చింది. అది రెండు ముక్కల నూలు బట్ట, అంచు మీద ఒక సామెత అచ్చు వేసి ఉంటుంది. అమ్మకు వచ్చిన దాని మీద "హసీదీ హానా సబాబు" అని ఉంది. ఓర్వలేనివాడికి కారణం అక్కర్లేదు అని అర్థం. పిఠాపురంలో ఇప్పుడు అది మా దేవుడి గది తలుపుకు తెరగా వేలాడుతోంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ అమ్మ చదివి వినిపిస్తుంది.

ఇక మీ ఐదు రోజులు. రెండు రాత్రులు స్టోన్ టౌన్‌లో, మూడు జంబియానీలో ఉండండి. ఈతే ముఖ్యమైతే ఆ మూడూ నుంగ్వీలో. ఏప్రిల్, మే వద్దు, వానలు. 2024 అక్టోబరు నుంచి విదేశాల నుంచి వచ్చేవాళ్లు జాంజిబార్ ప్రభుత్వ ఇన్సూరెన్సు తప్పనిసరిగా కొనాలి, మనిషికి 44 డాలర్లు. టికెట్లు కొనేముందు గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య, పున్నమి ఎప్పుడో చూసుకోండి. ఆ రోజుల్లో పొద్దున పది గంటలకు ఆడవాళ్లు తాళ్ల దగ్గర ఉంటారు. రబ్బరు బూట్లు వేసుకుని వెళ్లండి. పెద్దావిడ కనిపిస్తే ముందు షికమో అనండి, ఫోన్ తర్వాత తీయండి.